పాత యుద్ధం.. కొత్త తోలు

రెండో ప్రపంచ యుద్ధ కాలపు పైలట్ జాకెట్ల నకళ్లకు తరగని ఆదరణ

1931 మే 9న అమెరికా సైన్యపు వైమానిక విభాగం ఒక తోలు జాకెట్టుకు ఆమోదముద్ర వేసింది. దస్త్రాల్లో దాని పేరు ‘టైప్ ఏ-2’. పన్నెండేళ్లు తిరిగేసరికి, 1943లో, ఇక దాన్ని కొత్తగా కుట్టించనక్కర్లేదని అదే సైన్యం నిర్ణయించింది. నాడు కుట్టిన కార్ఖానాల్లో అధిక భాగం కాలగర్భంలో కలిసిపోయాయి. తొడుక్కుని ఆకాశానికెగిరిన వారిలో నేడు బతికి ఉన్నవారు వేళ్ల మీద లెక్కించదగినంత మంది. జాకెట్టు మాత్రం చావలేదు. అదే కొలత, అదే కుట్టు, అదే జిప్పు, చివరకు మెడ వెనుక లేబుల్ మీద అదే కాంట్రాక్టు సంఖ్యతో నేటికీ తయారవుతూనే ఉంది. వెయ్యి డాలర్లకు పైగా వెచ్చించి, నెలల తరబడి వేచి ఉండి మరీ కొనుక్కుంటున్నవారు అమెరికా, బ్రిటన్, జపాన్ దేశాల్లో కోకొల్లలు.

తెలుగువారికి ఈ దుస్తులు బొత్తిగా కొత్త కాదు. 1986లో వచ్చిన ‘టాప్ గన్’ చిత్రంలో టామ్ క్రూజ్ తొడుక్కున్నది అమెరికా నౌకాదళపు ‘జీ-1’ జాకెట్టు. హైదరాబాదు దుకాణాల్లో ‘బాంబర్ జాకెట్టు’ పేరిట వేలాడే నైలాను కోటుకు మూలం 1950ల నాటి ‘ఎంఏ-1’. ఆ యుద్ధమూ మనకు మరీ దూరమైనది కాదు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు విడిచాయి. అయితే దుకాణంలో వేలాడే కోటుకూ, సేకర్తలు ప్రాణప్రదంగా చూసుకునే నకలుకూ పోలిక పైపైనే. తేడా ఎక్కడుందో తెలియాలంటే జాకెట్టును లోపలికి తిప్పి చూడాలి.

జేబుల్లో చేతులు పెట్టరాదు

ఏ-2కు ముందు 1927లో ‘ఏ-1’ ఉండేది. దానికి గుండీలు, మెడ చుట్టూ ఉన్ని అల్లిక. ఏ-2లో గుండీల స్థానంలో జిప్పు వచ్చింది. చేతి తొడుగులతో గుండీలు పెట్టుకోవడం ఎంత కష్టమో పైలట్లకు తెలుసు. జిప్పు ఇంకా కొత్త సరుకుగా ఉన్న ఆ రోజుల్లో సైన్యం దాన్ని స్వీకరించడం చిన్న విషయమేమీ కాదు. కాలరు మడిచి టిచ్ బటన్లతో బిగించే ఏర్పాటు, భుజాల మీద పట్టీలు, మణికట్టు వద్దా నడుము వద్దా చలిగాలి చొరకుండా ఉన్ని అల్లిక, ముందు వైపు మూతలున్న రెండు జేబులు, వీపుకు అతుకు లేని ఒకే తోలు ముక్క. అంతే. చేతులు వెచ్చగా పెట్టుకునేందుకు పక్క జేబులు లేవు. సైనికుడు జేబుల్లో చేతులు పెట్టుకుని నిలబడడం అధికారులకు రుచించదు గనుక వాటిని పెట్టలేదని ఒక కథ ప్రచారంలో ఉంది. నిజమెంతైనా, పక్క జేబులున్న ‘ఏ-2’ను చూడగానే సేకర్తలు ముఖం తిప్పుకుంటారు.

దుండిగల్‌లోని వైమానిక దళ అకాడమీలో శిక్షణ ముగించుకున్న యువ అధికారుల ఛాతీపై రెక్కల చిహ్నం మెరిసే వేడుకను తెలుగు పత్రికల పాఠకులు ఏటా చూస్తూనే ఉంటారు. నాటి అమెరికా పైలట్లకు రెక్కలతోపాటు ఏ-2 జాకెట్టు చేతికి రావడం ఆ స్థాయి గౌరవం. కాబట్టే సైన్యం కుట్టించడం మానేశాక కూడా ఉన్నవాటిని వదులుకోవడానికి వారు ఇష్టపడలేదు. మోచేతుల వద్ద చిరిగితే అతికించుకున్నారు. అల్లిక పీలికలైతే మార్పించుకున్నారు. తోలుకు బదులు 1943లో వచ్చిన గుడ్డ జాకెట్లు వెచ్చదనంలో మేలైనవే అయినా మనసుకు ఎక్కలేదు. చివరికి 1988లో అమెరికా వైమానిక దళం ఏ-2ను, ఈసారి మేక తోలుతో, మళ్లీ తన పైలట్లకు ఇవ్వడం మొదలుపెట్టింది.

గుర్రమా? మేకా?

నకలు తయారీదారులను అన్నింటికంటే వేధించే ప్రశ్న తోలుకు సంబంధించినదే. నాటి ఏ-2లలో ఎక్కువ గుర్రపు తోలువి, కొన్ని మేక తోలువి. అమెరికా పొలాల్లో ట్రాక్టర్లు పూర్తిగా రాజ్యమేలక ముందు గుర్రాలకు కొదవ లేదు. వాటి తోలూ చవకే. ఇప్పుడు ఆ పరిస్థితి లేదు. జపానులోని హిమేజీ పట్టణం, ఇటలీలోని కొన్ని కార్ఖానాలు ఈ కొరతను తీరుస్తున్నాయి. గుర్రపు తోలు కొత్తలో అట్టలా బిర్రుగా ఉంటుంది. కొన్ని నెలలు తొడిగాక మోచేతుల మడతల్లో నిగనిగలాడే ముడతలు పడతాయి. ఆ ముడతలే దాని అందమని అభిమానుల వాదన. మేక తోలు మొదటి రోజు నుంచే మెత్తన, పైన చిన్న చిన్న గింజల వంటి ఎత్తుపల్లాలు కనిపిస్తాయి, చిరుగుకు ఓ పట్టాన లొంగదు. అరవై, డెబ్భై ఏళ్లు అరిగిన జాకెట్టును చూసి ఇది ఏ జంతువుదో చెప్పడంలో అనుభవజ్ఞులు సైతం పొరబడడం కద్దు.

తోలును పదును చేసే పద్ధతి కూడా ముఖ్యమే. క్రోమియం లవణాలతో పని రోజు, రెండు రోజుల్లో ముగుస్తుంది. చెట్ల బెరడు రసాల్లో నానబెట్టే పాత పద్ధతికి వారాలు పడుతుంది. తంగేడు చెక్కతో తోళ్లు పదును చేయడం ఎరిగిన తెలుగు పల్లెలకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి తంగేడు బెరడుతో సగం పదును చేసిన తోళ్లు ‘ఈస్ట్ ఇండియా’ తోళ్లన్న పేరుతో ఒకప్పుడు ఇంగ్లండుకు విరివిగా ఎగుమతి అయ్యేవి. ఏ-2 తోలుకు తంగేడు వాడలేదు గాని, నాటి గుర్రపు తోలు పదును ఆ కోవకు చెందినదే. ఇలా చేసిన తోలు ఎండకు, చేతి చెమటకు క్రమంగా రంగు మారుతుంది. తొడుక్కున్నవాడి అలవాట్లను బట్టి రెండు జాకెట్లు రెండు విధాలుగా ముదురుతాయి. క్రోమియం తోలులో ఈ మార్పు బాగా తక్కువ.

రంగుదీ ఒక కథే. మొదట్లో ఎర్రటి గోధుమ ఛాయ, ముదురు గోధుమ ఛాయ రెండూ ఉండేవి. మరమ్మతుకు వచ్చిన ఎర్ర జాకెట్లకు సైనిక డిపోలు ముదురు రంగు పూసి పంపేవి. అందుకే పాత జాకెట్ల అంచులు అరిగినచోట లోపలి ఎరుపు తొంగి చూస్తుంది. నేటి నకళ్లలో ఈ రెండు పొరల రంగును సైతం కావాలని పూస్తున్న తయారీదారులున్నారు.

పోగులో పోగు

యుద్ధ సమయంలో ఏ-2ను కుట్టింది ఒకే సంస్థ కాదు. పెన్సిల్వేనియాలోని రఫ్ వేర్, న్యూయార్క్ రాష్ట్రంలోని ఏరో లెదర్, పెర్రీ స్పోర్ట్స్‌వేర్, షికాగోలోని జె.ఎ. డుబో ఇలా పదికి పైగా సంస్థలు కాంట్రాక్టులు పొందాయి. అందరికీ ఇచ్చిన నమూనా చిత్రం ఒకటే, దాని సంఖ్య 30-1415. అయినా ఒకరి కాలరు కొస పొడుగు, మరొకరి జేబు మూత వంపు వేరు. భుజం పట్టీ కుట్టిన తీరూ వేర్వేరే. మామూలు కంటికి ఆనని ఈ తేడాలే సేకర్తల పాండిత్యం. ఇంగ్లండుకు చెందిన గ్యారీ ఈస్ట్‌మన్ ఈ తేడాలను గుర్తించేందుకు ప్రత్యేకించి ఒక పుస్తకమే వెలువరించారు. ఆయన సంస్థ డెవన్ కౌంటీలో నకళ్లు తయారుచేస్తోంది. స్కాట్లండులోని గాలషీల్స్‌లో మరో సంస్థ పాత అమెరికా కంపెనీ ‘ఏరో లెదర్’ పేరుతోనే పనిచేస్తోంది. అమెరికాలో జెఫ్ క్లైమన్ 1975లో అవిరెక్స్ సంస్థను నెలకొల్పి ఈ జాకెట్లను సామాన్య కొనుగోలుదారుల దాకా తెచ్చారు.

ఖచ్చితత్వంలో మాత్రం జపాను వారిది అందె వేసిన చేయి. 1993లో టోయో ఎంటర్‌ప్రైజ్ సంస్థ ‘బజ్ రిక్సన్స్’ పేరుతో సైనిక దుస్తుల నకళ్లు ప్రారంభించింది. ఆ పేరు 1962 నాటి ‘ది వార్ లవర్’ చిత్రంలో స్టీవ్ మెక్వీన్ పోషించిన పైలట్ పాత్రది. కోబె నగరానికి చెందిన ‘ది రియల్ మెకాయ్స్’ మరో పేరుమోసిన సంస్థ. వీరు పాత జాకెట్లను కొని, కుట్లు విప్పి, ముక్కలు ముక్కలుగా కొలిచి నమూనాలు గీసుకున్నారు. నాటి టాలన్ జిప్పులను పోలినవాటిని మళ్లీ చేయించారు. పాలియెస్టర్ దారం గట్టిదని తెలిసీ నూలు దారమే వాడతారు, ఎందుకంటే నాడు వాడింది అదే. ఏ దేశపు విమానాలు తమ నగరాలను కాల్చి బూడిద చేశాయో ఆ దేశపు వైమానికుల జాకెట్టును వారికంటే శ్రద్ధగా జపానువారు కుట్టడం విచిత్రమే. నేడు అమెరికన్లే వాటిని జపాను నుంచి తెప్పించుకుంటున్నారు.

నైలాను కాలం

తోలు జాకెట్టు తేలికపాటి చలికే. నాలుగు ఇంజన్ల బాంబర్లు పాతికవేల అడుగుల ఎత్తుకు వెళ్లినప్పుడు సున్నాకు దిగువన 40, 50 డిగ్రీల చలి ఉండేది. కిటికీలు తెరిచి తుపాకీ పేల్చే సిబ్బందికి గొర్రె చర్మాన్ని ఉన్నితో సహా కుట్టిన ‘బీ-3’ కోట్లు ఇచ్చారు. బ్రిటిష్ వైమానిక దళంలో లెస్లీ ఇర్విన్ రూపొందించిన కోటుదీ ఇదే బాణీ. జెట్ విమానాలు వచ్చాక ఈ బరువంతా ఇరుకు కాక్‌పిట్‌లో అడ్డమైంది. తడిసిన తోలు పై ఎత్తులో గడ్డకట్టేది. నైలాను రంగప్రవేశం చేసింది. ఎంఏ-1లో బొచ్చు కాలరు తీసేసి అల్లిక పెట్టింది పారాచూట్ పట్టీలకు అడ్డు తగలకుండా ఉండేందుకే. తరువాతి కాలంలో లోపలి అస్తరుకు నారింజ రంగు వేశారు. విమానం కూలినప్పుడు పైలట్ జాకెట్టు తిరగేసి తొడుక్కుంటే వెతికేవారికి దూరం నుంచే కనిపిస్తాడు.

ఈ ఎంఏ-1కు సంబంధించి ఓ ముచ్చట ఉంది. రచయిత విలియం గిబ్సన్ 2003లో వెలువరించిన ‘పాటర్న్ రికగ్నిషన్’ నవలలో కథానాయిక తొడుక్కునేది నల్లని బజ్ రిక్సన్స్ ఎంఏ-1. నిజానికి ఆ సంస్థ అప్పటికి నల్ల జాకెట్టు తయారు చేయనే లేదు. సైన్యం వాడింది ఆకుపచ్చది గనుక నల్లది చేస్తే నకలు ఎలా అవుతుంది? పాఠకులు మాత్రం అదే కావాలని అడగసాగారు. చివరికి సంస్థ రచయితను సంప్రదించి నల్ల జాకెట్టు విడుదల చేసింది. అసలు అంటూ లేనిదానికి నకలు పుట్టిందన్నమాట.

వీపు మీది బాంబులు

జాకెట్టు తోలు వరకైతే గొడవ లేదు. చిక్కంతా దాని మీది గుర్తులతోనే. యుద్ధకాలంలో సిబ్బంది తమ విమానం పేరును, బొమ్మను వీపు మీద రంగులతో వేయించుకునేవారు. ఒక్కో దాడికి ఒక్కో చిన్న బాంబు బొమ్మ. ఇంగ్లండు నుంచి ఎగిరిన అమెరికా ఎనిమిదో వైమానిక దళంలో 1943లో 25 దాడులు పూర్తి చేసినవారికి ఇంటికి వెళ్లే అర్హత. తరువాత ఆ సంఖ్యను 30కి, 35కి పెంచారు. యుద్ధం ముగిసేసరికి ఆ ఒక్క దళంలోనే సుమారు 26 వేల మంది ప్రాణాలు కోల్పోయారు. ఆ బాంబు బొమ్మల వరుస పూర్తయిందంటే మనిషి బతికి ఇంటికి చేరినట్లు. మధ్యలో ఆగిన వరుసలకు అర్థం చాలాసార్లు వేరు.

రాతలు ప్రాణం మీదికి తెచ్చిన సందర్భమూ ఉంది. 1943 నవంబరులో కెనెత్ విలియమ్స్ అనే అమెరికా వైమానికుడు జర్మన్లకు చిక్కాడు. అతడి జాకెట్టు వీపుపై విమానం పేరు ‘మర్డర్ ఇన్‌కార్పొరేటెడ్’ అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. ‘చూడండి, తాము హంతకులమని వీరే చాటుకుంటున్నారు’ అంటూ నాజీ ప్రచార యంత్రాంగం ఆ ఫొటోను పత్రికలకెక్కించింది. సరదాకు పెట్టుకున్న పేరు శత్రువు చేతిలో ఆయుధమైంది.

మన దేశానికి సంబంధించిన గుర్తులూ ఉన్నాయి. 1942 నుంచి 1945 దాకా అస్సాంలోని ఛబువా, దింజాన్ వంటి విమానాశ్రయాల నుంచి హిమాలయాల తూర్పు కొసల మీదుగా చైనాలోని కున్‌మింగ్‌కు సరుకు చేరవేసిన సిబ్బంది ‘చైనా - బర్మా - ఇండియా’ చిహ్నాన్ని భుజాన ధరించేవారు. ఎరుపు తెలుపు చారల పైన ఒకవైపు చైనా సూర్యుడు, మరోవైపు భారత నక్షత్రం. ఆ దారిలో దాదాపు 600 విమానాలు కూలిపోయాయి. ఈ చిహ్నాలను పలువురు ఇక్కడి దర్జీలు, తోలు పనివారి చేతనే చేయించుకున్నారు. జరీ తీగతో కుట్టినవి, తోలు ముక్కలు కత్తిరించి అతికించినవి నేడు సేకర్తల వద్ద మంచి ధర పలుకుతున్నాయి. ఆ పనివారి పేర్లు మాత్రం ఎక్కడా నమోదు కాలేదు. చైనా మీదుగా ఎగిరేవారు ‘ఈ పరదేశి మన సాయానికి వచ్చాడు, కాపాడండి’ అనే అర్థంతో చైనా లిపిలో రాసిన గుడ్డను కూడా జాకెట్టుకు కుట్టుకునేవారు. దారి తప్పి దిగినవాడికి అదే నోరు, అదే హామీపత్రం.

అటువంటి గుర్తులను నేడు ఎవరైనా కొని కుట్టుకోవచ్చునా? సేకర్తల్లోనే ఏకాభిప్రాయం లేదు. చనిపోయినవారి దళాల చిహ్నాలు వేసుకుని విందులకు వెళ్లడం అనుచితమని ఒక వర్గం. అవి కనిపిస్తేనే కదా కథ ఏమిటని నలుగురూ అడుగుతారని రెండో వర్గం. ఎక్కువమంది మధ్యేమార్గంగా ఏ గుర్తూ లేని ఖాళీ జాకెట్టు తొడుగుతున్నారు. పేరుపట్టీ ఉండే చోట తమ సొంత పేరు వేయించుకునేవారూ ఉన్నారు. నిజంగా ఉన్న ఒక మనిషి పేరును, అతడి దాడుల లెక్కను తన వీపున మోయడం మాత్రం అతడి కుటుంబానికి నొప్పి కలిగించే పని. నేటి రాజకీయాలూ ఈ గుర్తులను వదలవు. 2019లో వచ్చిన రెండో ‘టాప్ గన్’ ప్రచార చిత్రంలో జాకెట్టు మీది తైవాన్, జపాన్ జెండాలు మారిపోయాయని దుమారం రేగింది. 2022లో సినిమా విడుదలయ్యేసరికి ఆ జెండాలు యథాస్థానానికి వచ్చాయి.

చట్టం సంగతీ గుర్తుంచుకోవలసిందే. మన దేశంలో సైనికుడు కానివాడు సైనికుడిగా నమ్మించే ఉద్దేశంతో సైనికుల దుస్తులు, చిహ్నాలు ధరిస్తే భారతీయ న్యాయ సంహిత 168వ సెక్షన్ కింద మూడు నెలల వరకు జైలు గాని, రెండు వేల రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. పాత శిక్షాస్మృతిలో ఇది 140వ సెక్షన్. ఇక్కడ కీలకం ఉద్దేశమే. 80 ఏళ్ల కిందటి పరదేశపు జాకెట్టును ముచ్చటకు తొడగడం వేరు, నేటి మన దళాల చిహ్నాలు తగిలించుకుని దర్పం ఒలకబోయడం వేరు.

నకలే అసలై కూర్చుంటే..

నకలు ఎంత చక్కగా కుదిరితే మోసానికి అంత వీలు. యుద్ధకాలపు అసలు ఏ-2 వేల డాలర్లు పలుకుతుంది. బొమ్మ, పేరు, ఫొటో ఆధారం ఉంటే ఆ ధర ఇంకా పైకి పోతుంది. ఒక మంచి నకలును కొని, ఇసుక కాగితంతో రుద్ది, ఎండలో పడేసి, అల్లికను చిమ్మటలు కొట్టినట్లు చింపి, వీపున బొమ్మ వేస్తే తెలియనివాడు అసలుగా నమ్మి నష్టపోతాడు. కొన్ని సంస్థలు కొత్త జాకెట్టునే అరగదీసి ‘పాతది’గా అమ్ముతుండడం ఈ పనిని మరింత సులువు చేసింది. లేబుల్‌ను నమ్మడానికి లేదు, దాన్ని అక్షరం పొల్లుపోకుండా నేస్తున్నారు. అతినీలలోహిత దీపం కింద నేటి కృత్రిమ దారాలు చాలావరకు తెల్లగా మెరుస్తాయి గనుక ప్యాచ్‌లను ఆ వెలుగులో చూడడం ఒక పరీక్ష. నూలు దారమే వాడిన నకలు ఆ పరీక్షకు దొరకదు. అరుగుదల ఎక్కడుందో చూడడం మేలు. నిజంగా వాడిన జాకెట్టు మణికట్టు వద్ద, జేబు మూత అంచున, కాలరు మడతలో అరుగుతుంది. కల్తీగాడి ఇసుక కాగితం అన్నిచోట్లా ఒక్కలాగే తిరుగుతుంది. తన సొంత ముద్రను అస్తరు లోపల ఎక్కడో ఒకచోట చెరగకుండా వేసే తయారీదారుడి సరుకే నిజాయితీ గలది.

కొనేముందు కొలత

తొలిసారి తొడిగినవారు చాలామంది జాకెట్టు పొట్టిదని నొచ్చుకుంటారు. లోపం జాకెట్టుది కాదు. 1940ల్లో ప్యాంటును బొడ్డు దాకా లాగి కట్టేవారు, జాకెట్టు అల్లిక సరిగ్గా అక్కడికి వచ్చి ఆగేది. తొడిగినవారూ ఇరవై ఏళ్లు అటూ ఇటూగా ఉన్న సన్నని కుర్రాళ్లు. నేటి వారు ఛాతీ కొలతతోపాటు భుజాల వెడల్పు, వీపు పొడవు టేపుతో కొలిచి తయారీదారు పట్టికతో పోల్చుకున్నాకే ఆర్డరు పెట్టడం మంచిది. దిగుమతి సుంకం కలిపితే ధర ఎంతవుతుందో ముందే లెక్క వేసుకోవాలి. కొన్ని వందల డాలర్లకు దొరికే నకళ్లూ ఉన్నాయి. పక్క జేబులు, వదులు కొలత వంటి మార్పులు సమ్మతమైతే అవీ చెడ్డవి కావు.

కోస్తాలో గాని తెలంగాణలో గాని ఏడాదిలో దీన్ని హాయిగా తొడుక్కోగలిగేది మహా అయితే డిసెంబరు, జనవరి ఉదయాల్లోనే. అమెరికాలోని షికాగో, న్యూజెర్సీల్లో స్థిరపడిన తెలుగువారికి ఆ ఇబ్బంది లేదు. ఇక్కడ దాచేవారికి అసలు శత్రువు తేమ. వానాకాలంలో ప్లాస్టిక్ సంచిలో కట్టి బీరువాలో పెడితే నెల తిరిగేలోగా తెల్లని బూజు పడుతుంది. సన్నని తీగ హ్యాంగరుకు తగిలిస్తే భుజాలు సాగిపోతాయి కనుక వెడల్పాటి కొయ్య హ్యాంగరు వాడాలి, పైన నూలు గుడ్డ కప్పాలి, అప్పుడప్పుడు నీడలో గాలికి ఆరవేయాలి. తడిస్తే పొయ్యి దగ్గరో ఎర్రటి ఎండలోనో పెట్టకుండా నీడనే ఆరనివ్వాలి, వేడికి తోలు బిగుసుకుపోయి పగులుతుంది. నూనె అతిగా పట్టిస్తే కుట్ల లోకి దిగి నూలు దారం చివుకుతుంది. ఉన్ని అల్లికకు చిమ్మటల బెడద ఉంటుంది. కలరా ఉండలను తోలుకు తగలకుండా చిన్న గుడ్డ మూటలో కట్టి బీరువా మూలన వేలాడదీస్తే సరిపోతుంది.